లోడు మానేసిన పికప్‌కి ఎన్ని కమాను పట్టీలు తీయాలి?

ప్రశ్న: మాది 1991 మోడల్ మహీంద్రా పికప్, జీపు రకం. ఉద్దానం కొబ్బరికాయల లోడు వేసే రోజుల్లో వెనక కమాను కట్టలకి (లీఫ్ స్ప్రింగులకి) రెండేసి పట్టీలు అదనంగా వేయించాం. ఇప్పుడు కట్టకి తొమ్మిది ఉన్నాయి. లోడు మానేసి ఇంటి పనులకే వాడుతుంటే చిన్న గుంతకీ వెనక భాగం ఎగిరిపడుతోంది. నాలుగు పట్టీలు తీసెయ్యమని ఒక మెకానిక్, షాక్ అబ్జర్బర్లు మార్చమని ఇంకొకరు అంటున్నారు. ఏది మేలు?
– ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: నాలుగు వద్దండి. తర్వాత వేయించిన ఆ రెండే తీయించండి. అవి కంపెనీ పట్టీల కన్నా మందంగా ఉంటే తేడా బాగా తెలుస్తుంది. మందం కొంచెం పెరిగినా పట్టీ బిగువు చాలా పెరుగుతుంది: అదే పొడవు, అదే వెడల్పు ఉన్న 8 మి.మీ. పట్టీ, 6 మి.మీ. పట్టీకి రెండు రెట్ల పైచిలుకు గట్టి. కాబట్టి లెక్కపెట్టడంతో ఆగకుండా వెర్నియర్‌తో మందం కూడా కొలిపించండి.

షాక్ అబ్జర్బర్ ఊపుని ఆపుతుందే గానీ కమాను గట్టిదనాన్ని తగ్గించదు. వెనక బంపర్‌ని గట్టిగా నొక్కి వదలండి. ఒక్క ఊపుతో కుదురుకుంటే అవి బాగున్నట్టే.

అసలు కట్ట విప్పే ముందు చూడాల్సినవి మూడున్నాయి. లోడు రోజుల టైరు గాలి అలాగే ఉందేమో చూడండి. ఇద్దర్ని వెనక ఎక్కించి దించి, షేకిల్ (కమాను కొసని ఛాసిస్‌కి కలిపే ఊగే లంకె) కదులుతోందో లేదో గమనించండి. అది పట్టేస్తే కమాను చాచుకోలేదు, బండి కర్రలా కొడుతుంది. మూడోది తుప్పు. మీది సముద్రపు గాలి. పట్టీల సందుల్లోంచి ఎర్రపొడి రాలుతుంటే అవి ఒకదాని మీద ఒకటి జారడం మానేసి, అన్నీ కలిసి ఒకే మందపాటి బద్దలా పనిచేస్తున్నాయన్నమాట. విప్పి వైర్ బ్రష్‌తో తోమి, గ్రాఫైట్ గ్రీజు పూసి బిగిస్తే చాలా బళ్ళకి సగం బాధ అక్కడే తీరుతుంది.

తీసేటప్పుడు అన్నిటికన్నా పైనుండే పొడవాటి మెయిన్ పట్టీనీ, దాని కింద రెండోదాన్నీ ముట్టుకోకూడదు. మిగిలిన పట్టీల పొడవులు మెట్లు మెట్లుగా సమంగా తగ్గుతూ రావాలి. మధ్యలో పెద్ద మెట్టు పడిందంటే, పై పట్టీ సరిగ్గా కింది పట్టీ కొస దగ్గరే వంగి, కొన్నాళ్ళకి అక్కడే విరుగుతుంది.

ముందు చక్రాలకి అడ్డు పెట్టి, ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలిపి, హౌసింగ్ (వెనక ఇరుసు ఉండే గొట్టం) కింద వేరే జాకీ పెట్టాలి. పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్టు విప్పే ముందు కట్టని రెండు సీ-క్లాంపులతో బిగించడం మరవద్దు. లేకపోతే పట్టీలు ఎగిరి చేతుల మీద పడతాయి.

ఇక ఎక్కువమంది దెబ్బతినేది కట్టని హౌసింగ్‌కి బిగించే యూ బోల్టుల దగ్గర. కట్ట పలచనయ్యాక పాత బోల్టులే వేస్తే మర అయిపోయే చోట నట్టు ఆగిపోతుంది. పానాకి బిగిసినట్టే ఉంటుంది, కట్ట మాత్రం వదులు. అప్పుడు హౌసింగ్ బరువంతా సెంటర్ బోల్టు మీద పడి అది తెగుతుంది, హౌసింగ్ పక్కకి జరుగుతుంది. వాషర్లు కుక్కి సర్దకండి. కొలతకి తగ్గ కొత్త యూ బోల్టులు చేయించి, నట్లని ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. 100 కి.మీ. తిరిగాక ఒకసారి, 500 కి.మీ. దగ్గర ఇంకోసారి చూడాలి. రబ్బరు బుష్‌లైతే షేకిల్ బోల్టుల ఆఖరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాకే. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి చిరుగుతుంది.

చివరగా వెనక కమాను ముందు కొసన ఛాసిస్‌కి ఉన్న పిన్ను నుంచి హౌసింగ్‌కి రెండు వైపులా టేపు పెట్టి కొలవండి, తేడా రాకూడదు. వెనక దిగితే హెడ్‌లైట్లు పైకి చూస్తాయి, వాటినీ దించుకోండి. ఆ తర్వాత మాత్రం పాత లోడు ఎత్తొద్దు.

ప్రశ్న: నా పాత పికప్ వెనక రెండంగుళాలు దించాలని హౌసింగ్‌కీ కమానుకీ మధ్య ఇనప దిమ్మలు పెట్టించాను. బండి ఇంకా పైకి లేచింది! ఎందుకని?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మీ బండిలో కమాను హౌసింగ్ పైన ఉంది. అలాంటి చోట దిమ్మ పెడితే బాడీ లేస్తుంది. హౌసింగ్ కమాను పైన ఉన్న బళ్ళకే దిమ్మతో బాడీ దిగుతుంది. ఆ దిమ్మలు తీయించండి. దించాలనే ఉంటే ముందు బంప్ స్టాపర్‌కి (హౌసింగ్ ఛాసిస్‌కి కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మకి) ఎంత ఖాళీ మిగులుతుందో, బ్రేకు హోస్ ఎక్కడైనా ఒరుసుకుంటుందో చూసుకోండి. గేర్‌బాక్స్ నుంచి వెనక హౌసింగ్‌కి తిప్పుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారితే వేగంలో వణుకు మొదలై దాని కీళ్ళలోని క్రాస్‌లు అరుగుతాయి. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది: ఆర్‌సీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. పని మొదలెట్టే ముందే రవాణా శాఖ ఆఫీసులో అడిగేయండి.

ప్రశ్న: ఒక వైపు కమాను దిగిపోయింది. గ్యాస్ మంటతో వేడిచేసి వంపు తెప్పిస్తామంటున్నారు. చేయించొచ్చా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: వద్దు. మంట తగిలినచోట టెంపర్ (కాల్చి, చల్లార్చి తెచ్చిన గట్టిదనం) పోయి మెత్తబడుతుంది, మళ్ళీ దిగుతుంది. నీళ్ళు పోసి చల్లారిస్తే పెళుసై విరుగుతుంది. పట్టీ పొడవునా కొలిమిలో సమంగా కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ తక్కువ వేడిలో టెంపర్ చేసే కమాన్ల షాపులోనే ఇవ్వండి. రెండు వైపుల కట్టలూ ఒకేసారి చేయించి, వంపు రెండింటికీ సమంగా వచ్చిందో లేదో అక్కడే నేల మీద పక్కపక్కన పెట్టి చూసుకోండి.