లారీల దారిలో సైకిలు

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. హసన్‌పర్తిలో ఉంటూ హనుమకొండ నయీంనగర్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పని చేస్తున్నాను. డాక్టరు గారి సలహాతో మూడు నెలలుగా సైకిలు మీదనే వెళ్తున్నాను గానీ, కరీంనగర్ రోడ్డు మీద లారీలు, కాలేజీ బస్సుల రద్దీకి గుండె దడ పుడుతున్నది. ఎదురుగా వచ్చే బండి కంటికి కనిపిస్తుంది కదా అని కుడివైపున తొక్కుతున్నాను. ఇది సరైనదేనా? ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ కట్ట మీదుగా కొంత దూరం వెళ్తే నయమా?
– ఒక పాఠకుడు, హసన్‌పర్తి

జవాబు: ముందుగా ఆ కుడివైపు ప్రయాణాన్ని రేపటి నుంచే మానుకోండి. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో, లారీ 50 కిలోమీటర్ల వేగంతో పోతున్నాయనుకుందాం. లారీ వెనుక నుంచి వస్తే మీ ఇద్దరి మధ్య దూరం గంటకు 35 కిలోమీటర్ల చొప్పున తరుగుతుంది. ఎదురుగా వస్తే 65 కిలోమీటర్ల చొప్పున తరుగుతుంది. 50 మీటర్ల దూరంలో మిమ్మల్ని చూసిన డ్రైవరుకు మొదటి సందర్భంలో ఐదు సెకన్లు దొరికితే, రెండో సందర్భంలో మూడు సెకన్లు కూడా దొరకవు. పైగా గల్లీలోంచి రోడ్డెక్కి ఎడమకు తిరిగే ఆటోవాలా తన కుడివైపుకే చూస్తాడు తప్ప, మీరు వచ్చే దిక్కుకు చూడడు.

ఇక కాలువ సంగతి. మీరన్న ఎస్సారెస్పీ కాలువ అంటే కాకతీయ కాలువే. దాని పొడవు 284 కిలోమీటర్లు; మన వైపు వచ్చేది దిగువ మానేరు జలాశయం దాటిన తర్వాతి భాగం. కట్ట మీద లారీలు లేని మాట నిజమే గానీ, నీళ్ల వైపు చాలా చోట్ల అడ్డుగోడ ఉండదు, మొరం మీద చక్రం జారుతుంది, చీకటి పడితే పిలిచినా పలికేవారుండరు. అందుకే వెలుతురు ఉన్న వేళ, పొడి నేల మీద మాత్రమే కట్ట ఎక్కాలన్నది నా అభిప్రాయం. ఆ దారిలో అసలు శత్రువు సర్కారు తుమ్మ ముల్లు. టైరులో దిగిన ముల్లును వెంటనే పీకేయకండి. ఒక్కోసారి అదే బిరడాలా గాలిని పట్టి ఉంచుతుంది. గాలి నిలుస్తున్నంత వరకు మెల్లగా తొక్కి పంక్చర్ షాపు చేరుకోవచ్చు. చిన్న పంపు ఒకటి సైకిలుకు కట్టుకుని ఉండడం మాత్రం తప్పనిసరి.

నిత్యం వెళ్లిరావడానికి కట్ట కంటే భీమారం లోపలి కాలనీ రోడ్లే మేలు. కిలోమీటరు ఎక్కువైనా పెద్ద రోడ్డు మీద గడిపే సమయం తగ్గుతుంది. ఒక ఆదివారం ఉదయం తీరికగా తిరిగి, ఏ గల్లీ ఎక్కడ తేలుతుందో, ఏది గోడకు తగిలి ఆగిపోతుందో చూసుకోండి. ఫోనులోని పటం ఈ విషయంలో తరచు మోసం చేస్తుంది. కేయూ క్రాస్ (కాకతీయ యూనివర్సిటీ కూడలి) దగ్గర మాత్రం పౌరుషానికి పోకుండా దిగి, సైకిలును నడిపించుకుంటూ దాటండి. ఆగి ఉన్న లారీకి, రోడ్డు అంచుకు మధ్య సందు దొరికిందని ఎడమవైపు నుంచి దూరవద్దు. కుడివైపు కూర్చున్న డ్రైవరుకు ఆ మూల దాదాపు కనిపించదు, అతడు ఎడమకు తిప్పితే వెనుక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలికి జరిగి వస్తాయి. కాలేజీ బస్సులు బయలుదేరక ముందే, అంటే ఏడున్నర లోపు, మీరు రోడ్డు దాటగలిగితే సగం దడ తగ్గుతుంది.

వరికోతల రోజుల్లో మరొక జాగ్రత్త అవసరం. ఊళ్ల దగ్గర సగం రోడ్డు మేర వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. కల్లాలు చాలని రైతును తప్పుపట్టలేం గానీ, సాయంత్రం ఆరు దాటాక ఆ రాళ్లు కంటికి ఆనవు, గింజల మీద బ్రేకు వేస్తే సైకిలు నిలవదు. వెనుక ఎర్ర లైటుతో పాటు, ముందు రోడ్డును చూపగల లైటు కూడా బిగించుకుని, కుప్ప కనిపించగానే దూరం నుంచే వేగం తగ్గించి, వెనక్కి ఒకసారి చూసి, చేయి చూపి, ఆ తర్వాతే కుడికి జరగండి.