జిప్సీ వెనక టైరు లోపలి అంచు మాత్రమే అరుగుతోంటే ఎక్కడ చూడాలి?

మీరు చెప్పింది ఇదీ: పాత జిప్సీకి కమాన్ పట్టీలను హౌసింగ్ (రెండు చక్రాల మధ్య అడ్డంగా ఉండే, యాక్సిల్ షాఫ్టులు లోపల తిరిగే ఇనుప గొట్టం) కింద నుంచి పైకి మార్పించి ఎత్తు పెంచారు, అంటే లిఫ్టు చేయించారు, 30 అంగుళాల మడ్ టైర్లు వేశారు. ఇప్పుడు వెనక ఎడమ టైరు లోపలి అంచు ఒక్కటే నున్నగా అయిపోతోంది. రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించినా తేడా లేదు.

నాదీ అదే బండి, అదే లిఫ్టు. నాకు అరిగింది కుడి టైరు, అంతే తేడా. ముందు అలైన్‌మెంట్‌కి డబ్బు పోయడం ఆపండి. జిప్సీ వెనక ఉన్నది గట్టి హౌసింగ్. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం) గానీ టో (చక్రం ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉండటం) గానీ సర్దడానికి దానికి బోల్టే లేదు. మిషన్ ఎర్ర అంకెలు చూపిస్తుంది, కుర్రాడు ముందున్న టై రాడ్ కాస్త తిప్పి బిల్లు చేతిలో పెడతాడు. ఆ కాగితం మాత్రం పారేయకండి. వెనక చక్రాల అంకెలు పనికొస్తాయి.

లిఫ్టు చేశారు కాబట్టే అరుగుతోందని ఎవరైనా అంటారు. కానీ ఇలాంటి గట్టి యాక్సిల్‌లో ఎత్తు పెంచినంత మాత్రాన చక్రం వాలదు. పినియన్ (హౌసింగ్‌లోకి వెళ్లే గేరు) కోణం మారి, దాన్ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ వణకొచ్చు, కానీ దానివల్ల ఒక వైపు అంచు అరగదు. అనుమానించాల్సింది లిఫ్టు కోసం చేసిన పనిని.

అరిగిన చోట అరచేతితో లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి నిమరండి. ఒక దిశలో మెత్తగా, ఇంకో దిశలో రంపం పళ్లలా గీరుకుంటే టో తేడా. రెండు దిశల్లోనూ నున్నగా ఉంటే చక్రం పైభాగం లోపలికి వాలింది. చుట్టూ అక్కడక్కడా గుంటలు పడితే షాకబ్జార్లో, బ్యాలెన్సింగో చూడాలి. ప్రతి బటన్ (టైరు మీది రబ్బరు దిమ్మ) ఒక చివర ఎత్తుగా, ఇంకో చివర పల్లంగా ఉండటం మడ్ టైర్లలో మామూలే. టైర్లు మార్చి వేసుకుంటూ ఉంటే అది తగ్గుతుంది.

తర్వాత ఆ వైపు జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే బేరింగ్. కదలకపోతే రిమ్ము అంచుకు దగ్గరగా ఒక పుల్ల నిలబెట్టి చక్రం తిప్పండి. పుల్లకీ రిమ్ముకీ మధ్య సందు మారుతుంటే వంగింది రిమ్మో, యాక్సిల్ షాఫ్టో. ఆ వంపు చక్రంతో పాటు తిరుగుతుంది కాబట్టి చుట్టూ ఒకేలా అంచు అరగదు. సందు మారకుండా చుట్టూ ఒకే తీరున అరుగుతోందంటే హౌసింగే వంగి ఉండాలి.

అది తేల్చుకోడానికి మిషన్ అక్కర్లేదు. బండిని చదునైన గచ్చు మీద పెట్టి, మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే దారం గుండును మడ్‌గార్డ్ నుంచి టైరుకు తగలకుండా వేలాడదీయండి. దారం నుంచి రిమ్ము పై అంచుకు ఎంత, కింది అంచుకు ఎంత అని కొలవండి. టైరు పొట్ట దగ్గర కాదు, రిమ్ము దగ్గరే. 15 అంగుళాల రిమ్ము మీద ఒక డిగ్రీ వాలు అంటే సుమారు 7 మిల్లీమీటర్లు, స్కేలుతో తెలిసిపోతుంది. రెండో వైపు కూడా చూడండి. రెండూ ఒకే పక్కకి సమానంగా వాలి కనిపిస్తే గచ్చే వాలుగా ఉన్నట్టు. బండిని వెనక్కి తిప్పి నిలిపి మళ్లీ కొలవండి.

ఇక అసలు సంగతి. పట్టీలు పైకి తేవాలంటే హౌసింగ్ పైన కొత్త సీట్లు (పట్టీలు కూర్చునే ఇనుప పీటలు) వెల్డింగ్ చేయాలి. ఆగకుండా ఒకే ఊపులో వెల్డింగ్ కొడితే ఆ గొట్టం వేడెక్కి, చల్లారేటప్పుడు వెల్డింగ్ ఉన్న పైవైపు ముడుచుకుంటుంది. దాంతో గొట్టం చివర పైకి లేస్తుంది, చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. నా బండికి జరిగింది ఇదే. లిఫ్టు చేసిన వర్క్‌షాప్ వాళ్లు మాత్రం గుంతల్లో దూకించి ఉంటారని నా మీదికే తోశారు. గట్టిగా ఎగిరి దిగినా హౌసింగ్ అలాగే వంగుతుంది, కాదనను. కానీ నా బండి అప్పటికి తారు రోడ్డు దిగనే లేదు.

ఇంకో ఆనవాలు: ఆ వైపు డ్రమ్ము విప్పి చూడండి. గేర్ ఆయిల్ చెమ్మ ఉంటే, కొత్త సీల్ వేసినా మళ్లీ కారుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. షాఫ్టు నడిమధ్యన లేకపోతే సీల్ ఒక పక్కే నొక్కుకుని పాడవుతుంది. లైనింగ్ తడిస్తే బ్రేకు ఆ వైపు పట్టదు, కాబట్టి దీన్ని వాయిదా వేయొద్దు.

సరిచేయించడానికి కార్ల షోరూమ్ కన్నా లారీ హౌసింగ్‌లు చూసే మేస్త్రీ నయం. నేను విజయవాడ ఆటోనగర్‌లో చేయించాను. షాఫ్టులు, డిఫరెన్షియల్ తీసేసి, వంకర లేని తిన్నని కడ్డీ దూర్చి చూస్తూ, ప్రెస్సు మీద కొంచెం కొంచెంగా వంచారు. బాగా వంగి ఉంటే పాత బండి హౌసింగ్ కొనడమే మంచిది. అప్పుడు సీట్లు మళ్లీ వెల్డింగ్ చేయాలి కాబట్టి ఈసారి దగ్గరే నిలబడండి. ఒక అంగుళం కొట్టి, రెండో వైపుకి వెళ్లి, చల్లారనిచ్చి మళ్లీ కొట్టమనండి. వాళ్లు విసుక్కుంటారు, పట్టించుకోకండి. పట్టీలను హౌసింగ్‌కి బిగించే యూ బోల్టులు కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించాలి.

ఇక టైరు. దాని మీద తిరిగే దిశ బాణం లేకపోతే, బటన్ మిగిలి ఉంటే, రిమ్ము నుంచి విప్పించి తిరగేసి వేయించండి. అరిగిన అంచు బయటికి వస్తుంది, ఇంకొంత కాలం నడుస్తుంది. లోపలి దారాలు కనబడితే మాత్రం స్టెపినీగా కూడా ఉంచుకోవద్దు.