చిన్నపిల్లలతో అంత చలికి వెళ్ళేముందు

బరంపురం

చి.సౌ. బుజ్జికి పెద్దమ్మ దీవెనలు.

ఈసారి పిల్లలిద్దరినీ తీసుకుని ఫిన్లాండ్ ఉత్తరాన ఉన్న రోవానియెమికి వెళ్దామనుకుంటున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. మీ అన్నయ్య హెల్సింకీలో ఉన్నప్పుడు మనవలతో నేను రెండు చలికాలాలు అక్కడికి వెళ్ళొచ్చాను కదా. అందుకే నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్రోగ్రాం శ్రద్ధగా చదివాను. ఒకే రోజున పొద్దున్న కుక్కల బండి, మధ్యాహ్నం రెయిన్‌డీర్‌లు, సాయంత్రం సాంటా క్లాస్ గ్రామం, రాత్రి పదకొండుకి అరోరా, అదే ఆకాశంలో కదిలే రంగుల వెలుగు. తల్లీ, అందులో సగం కొట్టెయ్. రోజుకి ఒక్కటే పని పెట్టుకో.

ఎందుకంటున్నానో విను. అక్కడ గుంటల్ని బయటికి తీసుకెళ్ళడమే పెద్ద పని. ముందు ఒంటికి అంటుకునే ఉన్ని బట్ట, దానిమీద మెత్తటి ఫ్లీస్ జాకెట్, ఆపైన గాలీ నీళ్ళూ చొరకుండా ఒళ్ళంతా కప్పే ఓవరాల్, తర్వాత మెడపట్టీ, టోపీ, బూట్లు, చేతితొడుగులు. ఒక్కొక్కరికి పావుగంట. అన్నీ అయ్యాక జిప్పు గడ్డం దాకా లాగేసరికి మా చిన్నమనవడు ‘నానమ్మా, ఒంటికి’ అనేవాడు. మళ్ళీ అన్నీ విప్పాలి. డిసెంబరు చివర్లో అక్కడ పగలు రెండు గంటలకి కొంచెం ఎక్కువ, అంతే. రెండుసార్లు తయారయ్యేసరికి వెలుతురు పోతుంది.

అందుకే డిసెంబరు వద్దంటాను. ఫిబ్రవరి రెండో సగంలో వెళ్ళండి. పగలు దాదాపు తొమ్మిది గంటలసేపు ఉంటుంది, మంచు నిండుగా ఉంటుంది, అరోరాకి కావలసినంత చీకటీ ఉంటుంది. పెద్దాడికి బడి పోతుందని అల్లుడు అంటాడేమో. నాలుగో తరగతే కదా, వారం రోజుల పాఠాలు నేను కూర్చోబెట్టి చెప్తాను. ఫిన్లాండ్ బడులకీ ఆ రోజుల్లోనే సెలవులొస్తాయి, గదులు మాత్రం ముందే పట్టుకోండి. నార్వేలోని ట్రోమ్సో ఇంకా ఉత్తరానే ఉన్నా, సముద్రంలో వెచ్చటి ప్రవాహం వల్ల అంత చలి ఉండదు. జనవరి సగటు మైనస్ 4 దగ్గరే. రోవానియెమి సముద్రానికి దూరంగా ఉన్న ఊరు, కొన్ని రోజులు మైనస్ 30 కూడా చూస్తారు. అయినా చిన్నపిల్లలకి నేను రోవానియెమినే అంటాను. అడవి, పొడి మంచు, గాలి తక్కువ. తడిలేని చలిని పిల్లలు బాగానే తట్టుకుంటారు.

తడి సంగతి మాత్రం నేను అనుభవించి నేర్చుకున్నాను. మొదటిసారి వెళ్ళినప్పుడు చిన్నాడికి చలేస్తుందని కాటన్ సాక్సులు రెండు జతలు తొడిగాను. బూటు బిగుసుకుపోయింది. పరుగెత్తి ఆడాడు, చెమట పట్టింది, కాటన్ ఆ చెమటని పీల్చి అలాగే పట్టుకుంది. గంట తర్వాత ఏడుపు. విప్పి చూస్తే సాక్సు తడిసి ఉంది, చివరి రెండు వేళ్ళు మైనంలా తెల్లగా, ముట్టుకుంటే తెలియనంతగా ఉన్నాయి. కోడలు స్వెట్టర్ ఎత్తి ఆ పాదాన్ని తన పొట్టకి ఆనించుకుని కూర్చుంది. రంగు తిరిగేదాకా నా ప్రాణం ప్రాణంలో లేదు. అలా తెల్లబడితే రుద్దకు, మంచు రాయకు, నిప్పు దగ్గర పెట్టకు. స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. ఒంటి వెచ్చదనమే మందు. ఎంతకీ రంగు తిరగకపోతే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

కాబట్టి ఉన్ని సాక్సులు ఒకే జత, బూటు ఒక సైజు పెద్దది. వేళ్ళు కదలాలి. చేతులకి అయిదు వేళ్ళ గ్లవ్స్ కన్నా వేళ్ళన్నీ కలిసుండే తొడుగులు వెచ్చగా ఉంటాయి, రెండో జత నీ సంచిలో ఉండాలి. అరగంటకోసారి పిల్ల కాలరు వెనక చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా పొడిగా ఉంటే సరి, చెమటగా ఉంటే ఒక పొర తీసెయ్. ముక్కూ బుగ్గలూ కూడా చూస్తుండు. కుక్కల బండివాళ్ళు ఓవరాల్స్, బూట్లు వాళ్ళే ఇస్తారు. నాలుగేళ్ళ పిల్లకి సైజు ఉందా అని ముందే అడిగితే ఇక్కడ వేలకి వేలు పోసి జాకెట్లు కొనక్కర్లేదు.

సంక్రాంతి సెలవుల్లో అందరూ దారింగ్‌బాడి వెళ్ళి రండి. తెల్లవారుజామున గడ్డిమీద తెల్లటి మంచు పొర పడే చోటు అది. ఆ పొరలన్నీ తొడిగి పిల్లల్ని ఓ గంట నడిపించు. చంటిది టోపీ పీకేస్తుందా, దేనికి పేచీ పెడుతుందా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

ఇక అరోరా. అక్కడి టైము మనకన్నా మూడున్నర గంటలు వెనక. వాళ్ళ రాత్రి పదకొండంటే పిల్లల ఒంటికి తెల్లవారుజామున రెండున్నర. మొదటి మూడు రాత్రులు వాళ్ళని లేపకు. నాలుగో రాత్రి నుంచి మబ్బు లేకపోతే చూడండి. రాత్రి ఎనిమిదికే కనబడొచ్చు కాబట్టి ఊరి దీపాలకి దూరంగా చెట్ల మధ్య చిన్న కాటేజీ తీసుకుంటే వాకిట్లో నిలబడే చూడొచ్చు. ఫోటోల్లో కనిపించేంత పచ్చగా కంటికి కనబడదని పెద్దాడికి ముందే చెప్పు. మేము చూసింది మొదట పల్చటి మబ్బులా ఉంది, తర్వాత ఆకాశం అంచున చీర చెరగులా కదిలింది. మనవడు నా చెయ్యి వదల్లేదు. సూర్యుడి నుంచి వచ్చే కణాలు పైన ఆక్సిజన్‌ని తాకితే ఆ ఆకుపచ్చ రంగు వస్తుందని వాడే నాకు చెప్పాడు.

వీసా ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు. పెద్దలకి 90 యూరోలు, పెద్దాడికి 45, ఆరేళ్ళ లోపు పిల్లలకి లేదు. 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి. పిల్లల బర్త్ సర్టిఫికెట్లు ఒడియాలో ఉంటే ఇంగ్లీషు అనువాదం చేయించు. మన ఇంటిపేరు స్పెల్లింగ్ ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటుంది, అది ఇప్పుడే సరిచూడు. మాకు అక్కడే రెండు వారాలు పోయాయి.

తిండికి బియ్యం, పప్పు, మన బరంపురం అప్పడాలు పట్టుకెళ్ళు. నెయ్యి, కోవా వద్దు, పాలతో చేసినవి ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. ఇంకో మాట. రెయిన్‌డీర్‌లు కాసే అక్కడి ఆదివాసుల్ని, అంటే సామి వాళ్ళని, ‘మీకు ఎన్ని ఉన్నాయి’ అని పిల్లలు అడగకుండా చూడు. మనల్ని బ్యాంకులో ఎంతుందని అడిగినట్టే వాళ్ళకి.

మనవడి ఉన్ని బట్టలు రెండు జతలు నా బీరువాలో ఉన్నాయి, చంటిదానికి సరిపోతాయి. దసరాకి రాయగడ నుంచి వచ్చినప్పుడు దాన్నీ తీసుకురా, తొడిగి చూద్దాం.

మీ పెద్దమ్మ