ఆన్‌లైన్ వార్తలు ఒక విదేశీ నాయకుడి గురించి ప్రజల్లో ఎలాంటి అభిప్రాయం కలిగిస్తాయి?

ఒక వార్తా వెబ్‌సైటులో అంతర్జాతీయ వార్తలు చూసే సబ్ ఎడిటరుగా కొన్నేళ్లు పనిచేసినందువల్ల, ఈ ప్రశ్నకు నేను తడుముకోకుండానే సమాధానం చెప్పగలను. విదేశీ నాయకుడికి పాఠకుల్లో ఒక రూపం కల్పించేది విలేకరి కాదు, శీర్షిక పెట్టి ఫొటో ఎంచుకునే డెస్కు. విదేశీ విలేకరులు స్వేచ్ఛగా తిరిగే వీలు లేని ఉత్తర కొరియా విషయంలో ఇది నూటికి నూరుపాళ్లూ నిజం.

2020 ఏప్రిల్ 15న, తాత కిమ్ ఇల్ సంగ్ జయంతి నాడు, ఆ దేశ అధినేత కిమ్ జోంగ్ ఉన్ ఎక్కడా కనిపించలేదు. ఆయనకు గుండె రక్తనాళాల చికిత్స జరిగిందని దక్షిణ కొరియా నుంచి నడిచే డైలీ ఎన్‌కే అనే సైటు 20వ తేదీన రాసింది. శస్త్రచికిత్స తరువాత ఆయన ప్రాణాపాయంలో ఉన్నారన్న సమాచారాన్ని అమెరికా పరిశీలిస్తోందని, ఆ వెంటనే సీఎన్ఎన్ చెప్పింది. తమకు అసాధారణ సూచనలేవీ కనిపించలేదని దక్షిణ కొరియా ప్రభుత్వం ప్రకటించింది గానీ, అందులో శీర్షికకు పనికివచ్చేది ఏముంటుంది? మా షిఫ్ట్ ఇన్‌ఛార్జి మొదట ‘కిమ్ ఆరోగ్యం విషమం?’ అని పెట్టించారు. కాసేపటికి అది ‘కిమ్ బ్రెయిన్ డెడ్?’ అయింది, మర్నాటికి ‘తదుపరి అధినేత చెల్లెలేనా?’ అన్నదాకా వెళ్లింది. లోపలి సమాచారంలో మాత్రం పై రెండు వాక్యాలు అటూ ఇటూ జరగడం తప్ప కొత్తగా చేరిందేమీ లేదు. ఆ ప్రశ్నార్థకం మా వృత్తిలో ముందస్తు బెయిలు వంటిది. అది చేతిలో ఉంటే బతికున్న మనిషి గురించి ఎంత మాటైనా అనవచ్చు.

ఫొటోల సంగతి ఇంకా విచిత్రం. ఏజెన్సీలు పంపిన ఫైల్ ఫొటోల్లో ఆయన నవ్వుతున్నవి లెక్కలేనన్ని ఉండేవి. అయినా క్షిపణి వార్తకు బైనాక్యులర్ పట్టుకున్నదీ, ఆరోగ్య వార్తకు సిగరెట్ పట్టుకున్నదీ తప్ప మరొకటి ఎంచుకుంటే ‘ఇది ఆడదు’ అని వెనక్కి వచ్చేది. నవ్వు ముఖానికి అనుమతి దొరికింది 2018 జూన్‌లో, ట్రంప్‌ను కలవడానికి ఆయన సింగపూర్ వెళ్లినప్పుడు. భేటీకి ముందు రాత్రి మెరీనా బే దగ్గర ఆ దేశ విదేశాంగ మంత్రి వివియన్ బాలకృష్ణన్ తీసిన సెల్ఫీలో కనిపించిన కిమ్‌ను చూసి, అంతకుముందు ఏడాది అణు పరీక్ష జరిపించిన మనిషి ఈయనేనా అని మా పాఠకులే కామెంట్లలో ఆశ్చర్యపోయారు.

ఇంకొక బాధ కూడా చెప్పాలి. ఇలాంటి వార్తల కింద రాసినవారి పేరు ఉండదు, ‘ఇంటర్నెట్ డెస్క్’ అని మాత్రమే ఉంటుంది. తప్పని తేలిన నాడు ఎవరిని అడగాలో పాఠకుడికి తెలియదు, ఎవరూ తమను అడగరని రాసేవారికి తెలుసు.

చివరికి 2020 మే 1న సున్‌చోన్‌లో ఎరువుల కర్మాగారం ప్రారంభోత్సవానికి వచ్చి కిమ్ రిబ్బను కత్తిరించారు. మర్నాడు అక్కడి ప్రభుత్వ వార్తా సంస్థ ఫొటోలు విడుదల చేసింది. ఆయన మరణించారని తనకు 99 శాతం నమ్మకముందన్న జీ సంగ్ హో, సొంతంగా నిలబడలేని స్థితిలో ఉన్నారన్న థే యోంగ్ హో, ఇద్దరూ ఉత్తర కొరియా నుంచి తప్పించుకుని వచ్చి దక్షిణాన పార్లమెంటుకు ఎన్నికైనవారు, మే 4న క్షమాపణ చెప్పారు. మా సైటులో ఆ క్షమాపణకు ఫొటో లేని నాలుగు వాక్యాలు దక్కాయి. ‘ఆ ఫొటోల్లో ఉన్నది డూపా?’ అన్న కథనం మాత్రం రోజంతా హోమ్‌పేజీలో పైనే ఉంది.

ఇదంతా విని కిమ్‌కు అన్యాయం జరిగిందని వాదిస్తున్నానని అనుకోవద్దు. నా ఫిర్యాదు సరిగ్గా దానికి వ్యతిరేకమైనది. ఈ వింత కథల వల్ల ఎక్కువ లాభపడేది ఆయనే. 2013 డిసెంబరులో తన మేనత్త భర్త జాంగ్ సాంగ్ థేక్‌కు ఆయన ప్రభుత్వం మరణశిక్ష అమలు చేసిన మాట నిజం. ఆ మనిషిని ఆకలిగొన్న 120 కుక్కలకు వేశారన్నది మాత్రం చైనా సామాజిక మాధ్యమంలో ఒకరు వ్యంగ్యంగా రాసిన పోస్టు. అది హాంకాంగ్, సింగపూర్ పత్రికల మీదుగా నడిచి 2014 జనవరికల్లా ప్రపంచమంతటా వార్త అయి కూర్చుంది. కాల్చి చంపారని 2013లో వార్తలు వచ్చిన గాయని హ్యోన్ సాంగ్ వోల్, 2018 జనవరిలో, దక్షిణ కొరియాలో జరిగే శీతాకాల ఒలింపిక్స్‌కు వచ్చే తమ కళాబృందం ఏర్పాట్లు చూడటానికి స్వయంగా సియోల్ వచ్చారు. ఇటువంటివి నాలుగు చదివాక పాఠకుడు ఆ దేశం పేరుతో వచ్చే ప్రతి వార్తనూ వినోదంగానే తీసుకుంటాడు, నిజమైన ఘోరం ఎదురైనప్పుడు కూడా.

కుక్కల కథ ప్రపంచమంతటా పాకిన మరుసటి నెలలోనే, 2014 ఫిబ్రవరిలో, ఆస్ట్రేలియా మాజీ న్యాయమూర్తి మైకేల్ కిర్బీ అధ్యక్షతన ఐక్యరాజ్యసమితి నియమించిన విచారణ సంఘం తన నివేదిక ప్రకటించింది. ఉత్తర కొరియా నుంచి తప్పించుకుని వచ్చినవారి వాంగ్మూలాలను సియోల్, టోక్యో, లండన్, వాషింగ్టన్ నగరాల్లో బహిరంగంగా నమోదు చేసి, ఆ దేశంలో మానవత్వంపై నేరాలు జరిగాయని, 80,000 నుంచి 1,20,000 మంది రాజకీయ ఖైదీలు శిబిరాల్లో మగ్గుతున్నారని ఆ సంఘం తేల్చింది. కుక్కలు 120 అని ఇప్పటికీ గుర్తున్నవారు నాకు ఎందరో తారసపడ్డారు గానీ, ఖైదీల సంఖ్య చెప్పగలిగినవారు, మా డెస్కులో కూడా, ఒక్కరూ కనిపించలేదు.