లిఫ్ట్ చేసిన వి-క్రాస్‌కి వెనక షాక్‌ల (షాక్ అబ్సార్బర్ల) కొలత

ఇసుజు వి-క్రాస్ పికప్ బాడీ ఎత్తు పెరిగేలా సస్పెన్షన్‌ని రెండంగుళాలు లేపాక (లిఫ్ట్ చేశాక), స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా వెనక 'టక్' మంటోందని ఒకరు అడిగారు. చాలావరకు అది పాత షాక్ పొడవు చాలక, పూర్తిగా సాగి చివర కొట్టుకోవడమే.

కొత్త షాక్ డబ్బా మీద '2 అంగుళాల లిఫ్ట్‌కి' అని ఉందని కొనేయకండి. కొలవండి:

1. బండి నేల మీదుండగా షాక్ పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా.

2. అందులోంచి బంప్ స్టాప్‌కీ (యాక్సిల్ పైకొచ్చి ఛాసీస్‌కి కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ) యాక్సిల్‌కీ (వెనక చక్రాల ఇరుసు) మధ్య ఖాళీ తీసేయండి. కొత్త షాక్ నొక్కుకున్న పొడవు దీనికన్నా అంగుళమైనా తక్కువుండాలి, రబ్బరు కూడా నలుగుతుంది కాబట్టి.

3. ఛాసీస్ కింద స్టాండ్లు పెట్టి, యాక్సిల్‌ని జాకీ మీద ఆనించి, రెండు షాక్‌ల కింది బోల్టులూ విప్పి మెల్లగా దించండి. అందరూ వదిలేసేది ఇదే! విప్పకుండా కొలిస్తే మీకు దొరికేది పాత షాక్ పొడవే. బ్రేక్ హోస్ (యాక్సిల్‌కి వెళ్లే బ్రేక్ ఆయిల్ గొట్టం) బిగుసుకోకముందే ఆపి, బోల్టు రంధ్రాల మధ్య కొలవండి. కొత్తది సాగిన పొడవు దీనికన్నా కాస్త తక్కువుండాలి, లేకపోతే బ్రేక్ హోస్ లాక్కుంటుంది.