షెడ్డు కబుర్లు: పాత బీటిల్‌లో పెద్ద ఫ్లైవీల్

ప్రశ్న: మేస్త్రీ గారూ, మా పెద్దనాన్న గారి 1964 ఫోక్స్‌వాగన్ బీటిల్ నా దగ్గరుంది. ఆరు వోల్టుల బండి. 1200 సీసీ ఇంజను పనైపోయింది. 1970ల నాటి 1600 ఇంజను ఒకటి దొరికింది, పన్నెండు వోల్టుల బండి ఫ్లైవీల్‌తో (ఇంజను కొసన తిరిగే బరువైన పళ్ళ చక్రం) సహా. గేర్‌బాక్స్‌కి ఆనిస్తే పూర్తిగా కూర్చోవట్లేదు, వేలు దూరేంత సందు ఉండిపోతోంది. బోల్టులు బిగిస్తే అదే లోపలికి వస్తుందంటున్నాడు మా మెకానిక్. బిగించమంటారా?
— పాలకొల్లు నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు బాబూ, ఆ స్పానర్ కింద పెట్టమనండి. బోల్టుతో లాగితే ఇంజను రాదు, గేర్‌బాక్స్ కేసింగు చెవి విరిగి చేతికొస్తుంది.

మీ గేర్‌బాక్స్ పోత పోసిన రోజుల్లో ఫ్లైవీల్‌కి 109 పళ్ళు, క్లచ్ ప్లేటు 180 మిల్లీమీటర్లు. మీరు తెచ్చినదానికి 130 పళ్ళు, ప్లేటు 200. అమెరికా వెళ్ళిన బీటిల్స్‌కి 1967 మోడల్ నుంచి పన్నెండు వోల్టులు వచ్చాయి, దాంతోపాటే ఈ పెద్ద చక్రం. మీ బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ కేసింగులో ఫ్లైవీల్ కూర్చునే డొప్ప) లోపలి గోడకి దాని పళ్ళు తగులుకుంటున్నాయి, అంతే.

మీ పాత ఫ్లైవీల్ తీసి కొత్త ఇంజనుకి వేద్దామనిపిస్తుంది. కుదరదు. 1600 క్రాంకుకి (ఫ్లైవీల్‌ని తిప్పే ఇరుసు) ఓ-రింగు అనే రబ్బరు సీలు కూర్చునే గాడి ఉన్న ఫ్లైవీల్ కావాలి, మీ 1200ది గాస్కెట్ రకం. ఆ గాడి ఉండి, 109 పళ్ళూ ఉన్నది 1966 నాటి 1300 ఇంజనుది. అది మీ కంటబడితే అప్పు చేసైనా కొనండి, అసలు కోతే అక్కర్లేదు. దొరక్కపోతే గోడ కోయాల్సిందే.

కోసే ముందు ఒక మాట. ఆ కేసింగు అల్యూమినియం కాదు, మెగ్నీషియం మిశ్రమం. దాని రజను అంటుకుంటుంది. ముక్క అంత తొందరగా కాలదు గానీ మెత్తటి పొడికి ఒక్క నిప్పురవ్వ చాలు. నేను పనిలో చేరిన కొత్తలో, రావులపాలెం దగ్గర తాటాకు పాకలో ఉండేది మా షెడ్డు. ఇలాంటి కేసింగే ఒకటి గ్రైండర్‌తో కొడుతున్నాను. పక్కనే ఇంకొకరు ఇనుము వెల్డింగు. కింద గుప్పెడు పొడి పోగైంది. ఉన్నట్టుండి మతాబాలా తెల్లటి వెలుగు. పనిలో ఉన్న కుర్రాడు పాపం మంచికే చెంబుడు నీళ్ళు కుమ్మరించాడు. భుస్సుమని లేచింది మంట! నా కనుబొమలు రెండూ పోయాయి. పాక మిగిలింది, అది మా అదృష్టం. నెల రోజులు మా ఇంట్లో నన్ను చూసి నవ్వుకున్నారు.

నీళ్ళు పోస్తే మెగ్నీషియం మంట చావదు, రెచ్చిపోతుంది. కార్బన్ డయాక్సైడు సిలిండరుతో ఆర్పడం కూడా పనికిరాదు. పొడి ఇసక కావాలి. మన గోదారి ఇసక ర్యాంపు నుంచి వచ్చినప్పుడు తడిగానే ఉంటుంది, పైన ఆరినట్టు కనబడినా లోపల చెమ్మే. అందుకని పెనం మీద వేరుశనగకాయలు వేయించినట్టు వేయించి, చల్లార్చి, మూత డబ్బాలో పోసి పక్కన పెట్టుకోండి. ఆ తర్వాతే పనిముట్టు ముట్టండి.

గ్రైండర్ జోలికి పోకుండా ముతక పళ్ళ అర్ధచంద్రాకారం ఆకురాయితో చెయ్యండి. ఒక పూట ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. గేర్‌బాక్స్ కిందికి దించి, క్లచ్‌ని నొక్కే రిలీజ్ బేరింగు తీసేసి, ఇన్‌పుట్ షాఫ్టు సీలు చుట్టూ గ్రీజు పట్టించి గుడ్డ కట్టండి. రజను గ్రీజుకే అంటుకుంటుంది, సీల్లోకి పోదు.

ఎక్కడ కోయాలో కన్ను చెప్పదు, సిందూరం చెబుతుంది. ఆంజనేయస్వామికి పూసేదే, నూనెలో కలిపి ఫ్లైవీల్ అంచు పళ్ళకి పల్చగా రాయండి. క్లచ్ వేయకుండా ఇంజనుని చైన్‌పుల్లీకి వేలాడదీసి (నూరు కిలోల పైమాటే, చేతులతో సాహసం వద్దు) మెల్లగా ఆనించి, ఇంజను పుల్లీ పట్టుకుని కొద్దిగా తిప్పండి. విడదీసి చూస్తే తగిలినచోట ఎర్రటి గీతలు. అక్కడే రుద్దండి. మళ్ళీ రాయండి, మళ్ళీ ఆనించండి. నాకైతే ఎనిమిది తొమ్మిది సార్లు పడుతుంది. పూర్తిగా కూర్చున్నాక కూడా పళ్ళకీ గోడకీ మధ్య రెండు మిల్లీమీటర్లు ఉండేదాకా ఆపను. బోల్టు దిమ్మల దగ్గర మాత్రం చెయ్యి కట్టేసుకోండి, బలమంతా అక్కడే ఉంది.

తర్వాత సెల్ఫ్ మోటారు. దాని షాఫ్టు కొస కేసింగులో ఉన్న బుష్ అనే చిన్న గొట్టంలో తిరుగుతుంది. ఆరు వోల్టులదానికి షాఫ్టు పన్నెండున్నర మిల్లీమీటర్లు, పన్నెండు వోల్టులదానికి పదకొండుకి కాస్త తక్కువ. పాత బుష్ ఉంచేసి కొత్త మోటారు బిగిస్తే షాఫ్టు ఊగి, పళ్ళు కొరికి, మీరు సెల్ఫ్‌ని తిడతారు. బుష్ మార్చండి, వేసే ముందు ఒక రాత్రి నూనెలో నానబెట్టండి.

క్లచ్ ప్రెషర్ ప్లేటు మధ్యలో రింగు ఉన్నదే అడిగి కొనండి. 1971 తర్వాతి గేర్‌బాక్స్‌లో రిలీజ్ బేరింగుకి గైడు గొట్టం ఉంటుంది, మీ దానికి లేదు, అందుకే ఆ రింగు. ఫ్లైవీల్ నట్టు 36 సైజు, 30 కిలోగ్రామ్-మీటర్ల బిగువు. క్రాంకు ముందుకీ వెనక్కీ కదిలే ఆట 0.07 నుంచి 0.13 మిల్లీమీటర్ల లోపు చూసుకోండి. బల్బులు, కాయిల్, వైపర్ మోటారు సంగతి మీ ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడు.

ప్రశ్న: మా పాత బీటిల్ గేర్‌బాక్స్ మీద సున్నంలా తెల్లటి పొడి లేస్తోంది. తుడిస్తే గుంటలు కనబడుతున్నాయి. ఏం చెయ్యాలండీ?
— నరసాపురం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: సముద్రపు గాలమ్మా. ఉప్పు తగిలితే మెగ్నీషియం ఇలాగే తింటుంది, ఇనప బోల్టు ఆనుకున్నచోట ఇంకా ఎక్కువ. నైలాన్ బ్రష్‌తో గీకి, మంచినీళ్ళతో కడిగి, ఎండలో బాగా ఆరనిచ్చి, జింక్ క్రోమేట్ ప్రైమరు వేసి పైన పెయింటు వెయ్యండి. పాలకొల్లు ఆయన కూడా కోసినచోట ఇదే పూత వేసుకోవాలి. ఇంజను ఆనే ముఖం మీద మాత్రం చుక్క కూడా పడనివ్వకండి, మళ్ళీ కూర్చోవట్లేదని నాకే ఉత్తరం రాస్తారు.