పేరులో ‘రాయి’ ఉంటే శిలేనా?

సందేహం: ఏడో తరగతికి శిలలు, ఖనిజాల పాఠం చెబుతున్నాను. పుస్తకంలో ‘గ్రానైట్ ఒక శిల’ అని ఉంది. పత్రికలో మాత్రం ‘గ్రానైట్ వంటి చిన్నతరహా ఖనిజాలు’ అని చదివాను. పలుగురాయి పేరులోనే రాయి ఉంది, దాన్నేమో ఖనిజం అంటున్నారు. రాయి, శిల, ఖనిజం, ధాతువు – వీటి హద్దులు ఎక్కడ? శైథిల్యం, క్రమక్షయం ఒకటేనా? పిల్లలు ‘శిలాపొరలు’ అని రాస్తే తప్పు పెట్టాలా?
– ఒక ఉపాధ్యాయిని, ఉప్పల్, హైదరాబాద్

సమాధానం: నిఘంటువులో రాయికి శిల పర్యాయపదం. కావ్యభాషలోనూ, మాటల్లోనూ ఆ రెంటికీ పేచీ లేదు. పేచీ వచ్చింది భూగర్భశాస్త్రం శిలను పారిభాషిక పదంగా తీసుకున్నప్పుడు. రాయి అనే మాటను ఆ శాస్త్రం ముట్టుకోలేదు. అందుకే రాయి ఇప్పటికీ అన్నిటికీ చెల్లుతుంది: శిలకూ, ఖనిజానికీ, ఉంగరంలో పొదిగిన కెంపుకూ, చివరికి మూత్రపిండంలో చేరిన గట్టి ముద్దకూ. పేరు చివర రాయి ఉందా లేదా అన్నది చూసి వస్తువు ఏ వర్గానిదో తేల్చలేం.

ముందు ఖనిజం సంగతి. శాస్త్రం దీనికి కొన్ని షరతులు పెట్టింది. ప్రకృతిలో దానంతట అది ఏర్పడాలి, ఘనపదార్థం కావాలి, జీవుల శరీరాల నుంచి వచ్చింది కాకూడదు, రసాయన కూర్పు కొన్ని హద్దుల్లో స్థిరంగా ఉండాలి, లోపలి పరమాణువులు ఒక క్రమంలో అమరి ఉండాలి. పలుగురాయి వీటన్నిటికీ నిలుస్తుంది. ఒక సిలికాన్ పరమాణువుకు రెండు ఆక్సిజన్ పరమాణువుల చొప్పున, ఎక్కడ తవ్వినా అదే కూర్పు, అదే అమరిక. కిటికీ గాజులోనూ ఎక్కువ భాగం ఈ కూర్పే (దీన్నే సిలికా అంటారు), కానీ అది కొలిమిలో తయారైంది, పరమాణువులకు క్రమం లేదు. కనుక గాజు ఖనిజం కాదు. నీళ్లు కావు, సహజమైన మంచుగడ్డ అవుతుంది. వడగల్లులోని ‘కల్లు’కు అర్థం రాయే, ఓరుగల్లులో ఉన్నదీ అదే. వడగల్లు మంచుగడ్డే కాబట్టి శాస్త్రం లెక్కలోనూ ఖనిజమే. నవరత్నాల్లో ముత్యం, పగడం జీవుల నుంచి వచ్చినవి కాబట్టి ఈ లెక్కలో చేరవు. మిగిలిన ఏడింటిలో కెంపు, నీలం ఒకే ఖనిజం. రెండూ కురువిందమే, లేశమాత్రంగా కలిసిన క్రోమియం ఒకదానికి ఎరుపునిస్తే, ఇనుము, టైటానియం రెండో దానికి నీలిరంగునిచ్చాయి.

శిల అంటే మామూలుగా ఖనిజాల కూడిక. చాలావరకు రెండు మూడు రకాల ఖనిజాలు ఉంటాయి, ఒక్కోసారి ఒకే ఖనిజపు రేణువులు కోట్లకొద్దీ కలిసి శిల అవుతాయి. గట్టిగా ఉండి తీరాలన్న నియమం లేదు. సింగరేణి బొగ్గు కూడా శిలే, ఒకప్పటి చెట్ల అవశేషాలు పూడి, ఒత్తిడికి మారి ఏర్పడిన అవక్షేప శిల. స్థిరమైన కూర్పు లేదు, జీవులనుంచి వచ్చింది, కాబట్టి ఖనిజం కాదు.

ఇక ‘రాయి’ పేర్లను విడదీస్తే ఇలా ఉంటుంది. పలుగురాయి ఖనిజం. సూదంటురాయి ఖనిజం, సహజంగా అయస్కాంత గుణం వచ్చిన మాగ్నటైట్. రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో తవ్వే ముగ్గురాయి కూడా ఖనిజమే, దాని శాస్త్రనామం బెరైట్. చేతిలోకి తీసుకుంటే ఇంత చిన్నరాయికి ఇంత బరువేమిటి అనిపిస్తుంది, నీటికి దాదాపు నాలుగున్నర రెట్లు సాంద్రత మరి. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో బరువు కోసం దీని పొడి కలుపుతారు. (వాకిట్లో ముగ్గుకు అమ్మే తెల్లపిండి అంతా ఇదే అనుకోవద్దు.) ఇసుకరాయి, సున్నపురాయి, చలువరాయి శిలలు. మన ఇళ్లలో పరిచిన తాండూరు, షాబాద్ బండలు, బేతంచెర్ల నాపరాళ్లు, ఇవన్నీ సున్నపురాతి జాతివే. సున్నపురాయిలో ప్రధానంగా ఉన్న ఖనిజం కాల్సైట్. బలపపు రాయి శిల, దానికి ఆ సబ్బులాంటి నునుపు తెచ్చే ఖనిజం టాల్క్.

తరగతిలో ఈ తేడా కంటితో చూపించడానికి హైదరాబాద్‌ను మించిన ఊరు లేదు. ఇల్లు కడుతున్న చోట పడి ఉన్న 20 ఎంఎం గ్రానైట్ కంకరలోంచి నాలుగు ముక్కలు ఏరుకోండి. కంకర మిల్లులో అప్పుడే పగిలింది కాబట్టి ముఖం తాజాగా ఉంటుంది, అది ముఖ్యం. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ నానిన రాతి గుండు పైపొరను గీకి పరీక్షిస్తే ఫలితం తప్పుతుంది, ఎందుకంటే అక్కడి ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం అప్పటికే సగం మట్టిగా మారి మెత్తబడి ఉంటుంది. ముక్కను తడిపి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూడండి. బూడిదరంగులో, విరిగిన గాజులా, ఏ తీరూ లేకుండా పగిలినవి పలుగురాయి రేణువులు. గులాబీ లేదా తెలుపు రంగులో ఉండి, అటూ ఇటూ తిప్పినప్పుడు చదునైన ముఖం తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్. నల్లటి రేకుల్లా ఉండి సూదిమొనతో పొరలుగా లేచేది అభ్రకం. ఇక్కడ చేతిలో ఉన్న ముక్క శిల, అందులో కనిపిస్తున్న మూడూ ఖనిజాలు. మొత్తం పాఠం ఆ ముక్కలోనే ఉంది.

గట్టిదనం పరీక్షలో పిల్లలు తరచూ ఒక చోట పొరబడతారు. మోస్ కొలమానంలో టాల్క్ 1, కాల్సైట్ 3, ఫెల్డ్‌స్పార్ 6, పలుగురాయి 7, కురువిందం 9, వజ్రం 10. చేతిగోరు సుమారు రెండున్నర, మామూలు చాకుమొన, గాజు ఐదున్నర దరిదాపు. పలుగురాయి మీద చాకుతో గీస్తే మెరిసే గీత ఒకటి పడుతుంది. పిల్లలు దాన్ని చూసి రాయికి గీత పడింది అంటారు. తడి బొటనవేలితో రుద్దమనండి. గీత చెరిగిపోతే అరిగింది చాకు, రాయి కాదు. తాండూరు బండ ముక్క మీద ఇదే చాకుతో గీస్తే గీత నిలిచిపోతుంది. ఆ గీసిన పొడి మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే బుసబుసమని పొంగుతుంది, గ్రానైట్ మీద ఏమీ జరగదు. ఆమ్లం లేకపోతే నిమ్మరసం చాలు. కాకపోతే రాతి ముఖం మీద కాక పొడి మీద వేయాలి, దగ్గరగా చూడాలి. బలహీనమైన ఆమ్లం కనుక పొంగు చిన్నగా వస్తుంది.

మరి పత్రిక గ్రానైట్‌ను ఖనిజం అనడం తప్పా? తప్పు కాదు, అది చట్టం భాష. ఖని అంటే గని (గని దాని వికృతే), అందులో పుట్టినది ఖనిజం. పదం పుట్టుక ప్రకారం గోదావరిఖనిలో పైకి తెచ్చే బొగ్గు అక్షరాలా ఖనిజమే. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం కట్టడపు రాయి, గ్రావెల్, మామూలు బంకమట్టి, మామూలు ఇసుకలను చిన్నతరహా ఖనిజాలుగా లెక్కిస్తుంది. అక్కడ ప్రశ్న పరమాణువుల అమరిక గురించి కాదు, సీనరేజీ (తవ్వుకున్నందుకు ప్రభుత్వానికి చెల్లించే రుసుము) ఎవరు ఎంత కట్టాలన్నది. వార్తలో చట్టం భాష, పాఠంలో శాస్త్రం భాష వాడుకోవాలి. రెండింటినీ ఒకే వాక్యంలో కలిపినప్పుడే చదివేవాడికి తలనొప్పి.

దుకాణం భాష మూడోది. అక్కడ ‘బ్లాక్ గ్రానైట్’ అని అమ్మే నల్లరాయి చాలావరకు డోలరైటో, గాబ్రోనో. గ్రానైట్‌కు ఉండాల్సినంత పలుగురాయి వాటిలో ఉండదు. మేస్త్రీ ‘40 ఎంఎం మెటల్ రెండు ట్రిప్పులు’ అంటే కంకర అని అర్థం, దాన్ని అనువాదకుడు లోహం చేస్తే అంతే సంగతులు.

ధాతువు విషయం త్వరగా చెప్పేస్తాను. వ్యాకరణంలో అది క్రియామూలం, ఆయుర్వేదంలో రసరక్తాదులు, రసాయన పాఠంలో లాభసాటిగా లోహం తీయగలిగిన ఖనిజం. మూడో అర్థానికి ‘ముడిఖనిజం’ అన్న మాటే పిల్లలకు తేలిక. ధాతువైన ప్రతిదీ ఒంటి ఖనిజమే కానక్కర్లేదు. అల్యూమినియం తీసే బాక్సైట్ నిజానికి కొన్ని ఖనిజాలు కలిసిన శిల. ఇనుప ఖనిజం అనాల్సిన చోట ‘ముడి ఇనుము’ అని రాయకండి, కొలిమిలోంచి వచ్చిన తొలి ఇనుముకూ ఆ పేరు ఉంది.

మీరు అడగకపోయినా శిలల రకాల పేర్ల గురించి రెండు మాటలు చెప్పాలి, తరగతిలో ఇవే ఎక్కువ తప్పుదారి పట్టిస్తాయి. ‘అగ్నిశిల’ అనగానే పిల్లల మనసులో అగ్నిపర్వతం మెదులుతుంది. గోల్కొండ గుట్టను ఏ అగ్నిపర్వతమూ కక్కలేదు. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల, కిలోమీటర్ల లోతున శిలాద్రవం మెల్లగా చల్లారి ఆ గ్రానైట్ అయింది. మెల్లగా చల్లారింది కనుకే రేణువులు కంటికి కనిపించేంత పెరిగాయి. లావాగా పైకి పొంగి త్వరగా గడ్డకట్టింది చూడాలంటే పడమటికి, వికారాబాద్ వైపు వెళ్లాలి. అక్కడి బసాల్ట్ సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటిది, రేణువులు కంటికి ఆనవు. ‘అవక్షేప శిల’దీ ఇలాంటి చిక్కే. రసాయన పాఠంలో అవక్షేపం అంటే ద్రావణంలోంచి విడివడి అడుగున చేరే ఘనపదార్థం. ఇసుకరాయిలో అలాంటిదేమీ జరగలేదు, నీరో గాలో మోసుకొచ్చిన ఇసుక పొరలుగా పేరుకొని గట్టిపడింది. అక్కడ ‘పేరుకున్న’ అని ఒక మాట కలిపి చెబితే సరిపోతుంది.

శైథిల్యం, క్రమక్షయం ఒకటి కావు. రాయి ఉన్నచోటే వదులైపోవడం శైథిల్యం. వదులైనదాన్ని నీరో గాలో తీసుకుపోవడం క్రమక్షయం. రెండో దానికి ‘కోత’ అనే చక్కని తెలుగుమాట ఉండనే ఉంది – ఒడ్డు కోత, నేల కోత, తీరం కోత. మొదటి దానికి ఒంటి తెలుగుమాట వాడుకలో స్థిరపడలేదు గానీ, దాని ఫలితానికి ఉంది: మొరం. హైదరాబాద్‌లో పునాది తవ్వితే మట్టికీ బండకూ మధ్య తగిలే గరుకు పొర అదే. నేలలోపలి గ్రానైట్‌కు నిలువుగా, అడ్డంగా పగుళ్లు ఉంటాయి. వాటిగుండా నీరు దిగి ఫెల్డ్‌స్పార్‌ను బంకమట్టిగా మారుస్తుంది. పట్టు సడలి రేణువులు విడిపోతాయి, పలుగురాయి మాత్రం మారకుండా ఇసుకగా మిగులుతుంది. పగుళ్ల మధ్య పెట్టెలా ఉన్న రాతికి ముఖం మీద ఒక వైపు నుంచి, అంచు మీద రెండు వైపుల నుంచి, మూల మీద మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది. మూలలు ముందు అరిగి పెట్టె కాస్తా గుండు అవుతుంది. ఇదంతా నేల అడుగున జరిగిన శైథిల్యం. ఆ తర్వాత వానలు చుట్టూ ఉన్న మొరాన్ని కోసుకుపోతే గుండు మీద గుండు నిలిచి ఖాజాగూడలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో మనకు కనిపిస్తున్నాయి. ఇది క్రమక్షయం. కొట్టుకుపోయిన ఒండ్రు చెరువులో చేరి పూడిక అయింది. పాఠ్యపుస్తకం నిక్షేపణ అనేది దాన్నే. గుండు గుండ్రంగా ఉంది కదా అని ఏటి ఒరవడికి అరిగిందని రాస్తే మాత్రం తప్పు పెట్టండి. అలా అరిగేది గులకరాయి.

ఇంకో చిన్న జాగ్రత్త. ‘శిథిలం’ విశేషణంగా నడిచే మాట, ప్రక్రియ పేరు ‘శైథిల్యం’. ‘శిలల శిథిలం వల్ల’ కాదు, ‘శిలల శైథిల్యం వల్ల’.

చివరగా శిలాపొరలు. ‘శిలా’ అన్న రూపం సంస్కృత సమాసంలోది, వెనక సంస్కృత పదమే రావాలి: శిలాద్రవం, శిలాస్తరం. పొర తెలుగుమాట కనుక ‘శిలాపొర’, ‘శిలాముక్క’ వైరి సమాసాలు. ‘శిలల పొరలు’ అనవచ్చు, ‘రాతి పొరలు’ ఇంకా సహజం. ‘రాయి పొరలు’ మాత్రం కాదు. చేయి–చేతి, నేయి–నేతి, నూయి–నూతి లాగే రాయి–రాతి: షష్ఠీ అర్థంలో, సమాసంలో ఈ ఔపవిభక్తిక రూపమే వస్తుంది. అందుకే సున్నపురాతి గని, ఇసుకరాతి గోడ. విజ్ఞానశాస్త్రం పేపర్లో ‘శిలాపొరలు’ కనిపిస్తే పక్కన ‘రాతి పొరలు’ అని రాసి మార్కు ఇచ్చేయండి. తెలుగు పేపర్లో అయితే అర మార్కు కోయవచ్చు.